విశాఖ ఆకాశానికి విశాఖ టైమే వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

నిరుడు, 2025 ఫిబ్రవరి 28 సాయంత్రం మా మనవరాలిని తీసుకుని ఆర్కే బీచ్‌కి వెళ్లాను. ఆకాశంలో ఏడు గ్రహాలు వరుస కడుతున్నాయని అంతకు వారం ముందు నుంచి పేపర్లలో, వాట్సాప్‌లో ఒకటే హోరు. ఆరు దాటేసరికి ఇసకలో కాలు పెట్టే చోటు లేదు. అందరూ సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు. మన ఊళ్లో ఆకాశం చూడాలంటే బీచ్‌కి వెళతాం, బీచ్‌కి వెళితే తూర్పుకే చూస్తాం. శుక్రుడేమో వాళ్ల వీపుల వెనక, హోటళ్ల మీద, ట్యూబులైటులా వెలుగుతున్నాడు.

నా పక్కన ఒక పెద్దావిడ, "ఏటి బాబూ, గంట నుంచి నిలబడ్డాను, ఒక్క గ్రహమూ అవుపడదే?" అంది. "అమ్మా, ఇటు తిరగండి" అని చూపించాను. "ఇదా! ఇది రోజూ మా డాబా మీంచి అవుపిస్తాది గదా. దీనికోసం ఆటోకి వంద తగలేశాను" అని నన్నే కోప్పడింది. గురుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడు, తూర్పున ఎత్తులో కుజుడు. ఆ మూడే మాకు దక్కాయి. బుధుణ్ని భవనాలు మింగేశాయి. శని సంధ్య వెలుగులో మునిగిపోయాడు. యురేనస్‌, నెప్ట్యూన్‌ ఊరి వెలుగులో ఎవరి ఉత్త కంటికీ ఆనవు, వాటికి బైనాక్యులర్సో టెలిస్కోపో కావాలి. వార్త అబద్ధమని అనను. ఏ దిక్కున, ఎంత ఎత్తున, ఏ ఊరికి ఎన్ని గంటలకు, ఏది ఉత్త కంటికి కనిపిస్తుంది అన్నవే అందులో లేవు. అవి లేని ఆకాశం వార్త, ప్లాట్‌ఫారం నంబరు చెప్పకుండా రైలొస్తోందని చెప్పడం లాంటిది.

ఇంత చెబుతున్నాను గానీ నేను సైన్సు మాస్టార్ని కాను. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుఫాను వచ్చి పోయాక మా గ్యాంగు రాత్రీ పగలూ పోల్స్ ఎత్తింది. నాలుగో రోజో ఐదో రోజో రాత్రి ముడసర్లోవ దగ్గర పోల్ మీద ఉన్నాను. ఊరంతా చీకటి, చంద్రుడు ఇంకా లేవలేదు. బెల్టు బిగించుకుని తల ఎత్తితే నైరుతి నుంచి నడినెత్తి మీదుగా ఈశాన్యం దాకా పాలవెల్లి, అదే పాలపుంత. పుట్టి బుద్ధెరిగి విశాఖలో అలాంటిది చూడలేదు. కింద నుంచి మా వాళ్లు "ఏటయింది, షాక్ కొట్టిందా" అని అరిచారు. రెండు రోజుల తర్వాత ఆ లైను మేమే చార్జ్ చేశాం. దీపాలు వెలిగాయి, జనం ఈలలు వేశారు, పాలవెల్లి పోయింది. నాకు ఆనందమే, అది నా ఉద్యోగం. కానీ రిటైరైన డబ్బుల్లోంచి మొదట కొన్నది 10×50 బైనాక్యులర్స్, తర్వాత 6 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు, పీట మీద పెట్టి చేత్తో తిప్పే రకం. మా ఆవిడ దాన్ని ఇప్పటికీ 'ఆ గొట్టం' అనే అంటుంది.

మనవరాలు లాప్‌టాప్‌లో స్టెలేరియం వేసి ఇచ్చింది. పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్. ఊరు, తేదీ, టైము ఇస్తే ఆ నిమిషానికి అక్కడి ఆకాశం తెర మీద పరుస్తుంది. మొదటి రాత్రే నా పరువు తీసింది. తెర మీద ధ్రువనక్షత్రం సగం ఆకాశం ఎక్కి కూర్చుంది, డాబా మీద చూస్తే ఆ ఎత్తులో ఏమీ లేదు. గంటన్నర వెతికి, టెలిస్కోపు పాడైందనుకుని తిట్టుకున్నాను. పొద్దున్నే పిల్ల చూసి, "తాతా, మనం పారిస్‌లో ఉన్నాం" అంది. ప్రోగ్రామ్‌లో ముందే ఉన్న ఊరు పారిస్. అక్కడ ధ్రువనక్షత్రం 49 డిగ్రీల ఎత్తున ఉంటుంది. మన అక్షాంశం 17.7 డిగ్రీలు కాబట్టి ఇక్కడ అంతే ఎత్తు, చేయి చాచి పిడికిలి పడితే రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. పేపర్లలో వచ్చే ఆకాశం వార్తలూ చాలాసార్లు ఆ రాత్రి నా లాప్‌టాప్‌ లాంటివే. ఎక్కడో 40 డిగ్రీల అక్షాంశం వాళ్లు రాసుకున్నది తెలుగులోకి దించేస్తారు. వాళ్లకు కనిపించని అగస్త్య నక్షత్రం ఈ ఫిబ్రవరిలో రాత్రి ఎనిమిదిన్నరకు మనకు దక్షిణాన 20 డిగ్రీల ఎత్తున మెరుస్తోంది. ఆ మాట ఎవరూ రాయరు.

ఊరు సరిచేసినా పని పూర్తి కాదు. సాఫ్ట్‌వేర్‌కి మా ఆరిలోవ డాబా తెలియదు. పిడికిలికి 10 డిగ్రీలు, చిటికెన వేలికి ఒకటి లెక్కన చుట్టూ కొలిచాను. పడమర సింహాచలం కొండల వరుస 8 డిగ్రీలు, ఆగ్నేయాన కొత్త అపార్టుమెంటు 22, ఈశాన్యాన పక్కింటి వాటర్ ట్యాంకు 15. ఏ దిక్కున ఎంత అడ్డం ఉందో ఒక చిన్న ఫైలులో రాసిస్తే స్టెలేరియం ఆ మేరకు ఆకాశాన్ని కప్పేస్తుంది. అప్పటి నుంచి లేనిదాని కోసం మెడ విరుచుకోవడం తప్పింది. ఈ నెల 28న మళ్లీ 'ఆరు గ్రహాల ఊరేగింపు' అని ఫోన్లలో తిరుగుతోంది కదా, వేసి చూశాను. సాయంత్రం ఆరున్నరకు శుక్రుడు పడమటి అంచుకు ఐదారు డిగ్రీలే పైన. మా డాబాకు కొండే అడ్డం. తేలిగ్గా అందరికీ దొరికేది గురుడొక్కడే.

నా పద్ధతి చెబుతాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆ రాత్రి జాబితా నోటుబుక్కులో రాసుకుంటాను. పడమట దిగిపోయేవి ముందు, తూర్పున లేచేవి తర్వాత. మృగశిర దగ్గరి నెబ్యులా, అంటే మసగ్గా వెలిగే వాయు మేఘం, ఈ నెలలో ఎనిమిదికి ముందే మంచి ఎత్తుకు వస్తుంది. గురుణ్ని తొమ్మిది ప్రాంతంలో పట్టుకోవాలంటే గొట్టం నిట్టనిలువుగా పెట్టాలి, డాబ్సోనియన్‌తో అది పెద్ద నరకం, అందుకే ఏడున్నరకే చూసేస్తాను. అమావాస్యకు అటూ ఇటూ వారం రోజులే మసక వస్తువులకు. మిగతా రోజులు చంద్రుడికి, గ్రహాలకు. ఒక్కటి మాత్రం ఏ సాఫ్ట్‌వేర్ చెప్పదు, మన సముద్రపు చెమ్మ. తెర మీద ఆకాశం కడిగిన అద్దంలా ఉంటుంది, డాబా మీద పది నిమిషాలకే టెలిస్కోపులో కన్ను పెట్టి చూసే అద్దం, ఐపీసు, చెమటలు కక్కుతుంది. దక్షిణం వైపు పోర్టు, ఫ్యాక్టరీల వెలుగు సరేసరి. ఉల్కలు గంటకు 120 అని రాసే లెక్క పూర్తి చీకటి ఆకాశంలో, అవి వెలువడే చోటు నడినెత్తిన ఉన్నప్పటిది. మా డాబా మీద గంటకు పది కనిపిస్తే పండగే.

ఇప్పుడు అసలు సంగతి. 2026 మార్చి 3, మంగళవారం, హోలీ పున్నమి నాడు సంపూర్ణ చంద్రగ్రహణం. వార్తా సంస్థలు పంపే వార్తలో 'సంపూర్ణ' అన్న మాట, మధ్యాహ్నం 3:20కి మొదలు అన్న టైము తప్పకుండా వస్తాయి. మనకు ఆ వేళ చంద్రుడే ఉండడు. సంపూర్ణ దశ 4:34 నుంచి 5:33 దాకా, అదీ మనకు లేదు. విశాఖలో చంద్రోదయం ఆరు దాటిన రెండు మూడు నిమిషాలకు, పడమట సూర్యుడు అస్తమించే వేళకే. పంచాంగం వాళ్లు దీన్ని గ్రస్తోదయం అంటారు, అంటే గ్రహణం పట్టిన చంద్రుడే ఉదయిస్తాడు. 6:47కి విడుపు. మనకు దక్కేది ముప్పావు గంట.

ఆ ముప్పావు గంటకు ఈ రాష్ట్రంలో మన బీచ్ లాంటి చోటు ఎక్కడ దొరుకుతుంది? సరిగ్గా తూర్పుకు కొంచెం ఎడమగా, నీళ్లలోంచి సగానికి పైగా నల్లబడిన చంద్రుడు లేస్తాడు. అంచున మబ్బు, పొగమంచు ఉంటే 6:15 దాకా ఆగాలి, అప్పటికీ ఇంచుమించు సగం నీడలోనే ఉంటాడు. టెలిస్కోపు అక్కర్లేదు, నల్లద్దాలూ అక్కర్లేదు, సూర్యగ్రహణం కాదు కదా.

నా విన్నపం చిన్నది. మీ విశాఖ ఎడిషన్‌లో పంచాంగం పక్కన రెండు వరుసల చోటు ఇవ్వండి. 'ఈ రాత్రి, విశాఖలో' అని పేరు పెట్టి టైము, దిక్కు, పిడికిళ్లలో ఎత్తు, ఉత్త కంటికా కాదా, ఈ నాలుగే వేయండి. గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే డాబా గార్డెన్స్‌లో ఆకాశం చూసే వేధశాల పెట్టిన ఊరు ఇది. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం ఇక్కడి నుంచే చూసి నమోదు చేశారు. వాళ్లు రాత్రుళ్లు కూర్చుని చేతితో కట్టిన లెక్కలు ఇప్పుడు మా పిల్ల లాప్‌టాప్‌లో అర నిమిషం పని. మీ దగ్గర మనిషి లేకపోతే నెలకు సరిపడా కాగితం ప్రతి ఒకటో తారీఖున నేనే తెచ్చి ఇస్తాను, డబ్బులేమీ వద్దు. తప్పులుంటే యూనివర్సిటీలో ఎవరి చేతనైనా సరిచూపించండి.

మార్చి 3 సాయంత్రం అయిదున్నరకల్లా బైనాక్యులర్స్ పట్టుకుని బీచ్‌లో ఉంటాను. నిరుటి పెద్దావిడ ఈ ఉత్తరం చదివితే మళ్లీ రమ్మని మనవి. ఈసారి సముద్రం వైపే చూడాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లైన్‌మన్,
ఆరిలోవ, విశాఖపట్నం