కొత్త పికప్ అడగగానే ఇక బిగించం
నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ నుంచి వచ్చే గిటార్ వాళ్లకు ఒక మాట. ఇక నుంచి ముందుగా మీ ఎలక్ట్రిక్ గిటార్‌లో ఇప్పటికే ఉన్న పికప్ (స్ట్రింగ్‌ల కింద ఉండి వాటి కదలికను సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు చుట్ట) ఎత్తు సరిచేసి, మీ ఆంప్‌లోనే (ఆంప్లిఫయర్) వినిపిస్తాం. దానితో పని అయిపోతే కూలి మాత్రమే తీసుకుంటాం. అమ్మకం తగ్గుతుంది, తెలుసు. కానీ "అన్నా, పాతదే నయముండె" అని తిరిగొచ్చే గిటార్లు ఎక్కువయ్యాయి. ఏం వాయిస్తారో అడగకుండా అమ్మడం మా తప్పే.

ఎత్తు ఇంట్లో కూడా చూసుకోవచ్చు. చివరి ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ నొక్కి, దాని అడుగు నుంచి పికప్ పైదాకా కొలవండి. లావు స్ట్రింగ్ వైపు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు, సన్న వైపు 1.5 నుంచి 2 ఉంటే మొదలుపెట్టడానికి చాలు. సింగిల్ కాయిల్‌లో (ఒకే తీగ చుట్ట ఉండే పికప్) అయస్కాంతాలే పైకి ఉంటాయి. మరీ దగ్గరికి తెస్తే స్ట్రింగ్‌ను లాగేస్తాయి. అప్పుడు 12వ ఫ్రెట్ పైన లావు స్ట్రింగ్ ఒక స్వరం రెండుగా వణుకుతుంది, ఎంత శ్రుతి చేసినా నిలవదు. ఇది పికప్ చెడిపోవడం కాదు, స్క్రూ రెండు చుట్లు దించాలి, అంతే.

చర్చిలో డిలే (ప్రతిధ్వని ఎఫెక్ట్) పెట్టి క్లీన్‌గా వాయించేవారికి 6 కిలో ఓమ్‌ల (చుట్టిన తీగ నిరోధం) సింగిల్ కాయిల్ హాయిగా ఉంటుంది. చిక్కంతా గుంయ్‌మనే చప్పుడుతోనే. సీరియల్ బల్బులు, డిమ్మర్లున్న పెళ్లి స్టేజీ మీదైతే మరీ. లోపల రాగి రేకు అతికిస్తే చిటపట తగ్గుతుంది గానీ, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుంయ్ పోదు. దానికి రెండు కాయిళ్లు ఒకదానిపై ఒకటి ఉండే నాయిస్‌లెస్ రకమే మందు.

సినిమా పాట మెలొడీ ఒక్కో స్వరం పలికించేవారికి నెక్ దగ్గర 7–8 కిలో ఓమ్‌ల ఆల్నికో (ఒక రకం అయస్కాంతం) హంబకర్, అంటే రెండు కాయిళ్ల పికప్. గమకాలకు స్ట్రింగ్ బాగా లాగుతారా? విడివిడి పోల్స్ (ఒక్కో స్ట్రింగ్ కింద ఉండే లోహపు ముక్కలు) మీద స్వరం మధ్యలో సన్నగిల్లవచ్చు, అన్ని స్ట్రింగ్‌ల కింద ఒకే పొడవాటి పట్టీ ఉండే రకం అడగండి. పాత స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్) పద్ధతి పికప్‌లలో మూడో పోల్ ఎత్తుగా ఉంటుంది, అప్పట్లో మూడో స్ట్రింగ్‌కు పైన సన్న తీగ చుట్టు ఉండేది కాబట్టి. ఇప్పటి నున్న స్ట్రింగ్‌తో అదొక్కటే అరుస్తుంది.

మెటల్ సంగీతానికి బ్రిడ్జి దగ్గర సిరామిక్ అయస్కాంతం ఉన్నది, 14 కిలో ఓమ్‌లు ఆ పైన. అయితే ఓమ్‌లు ఎక్కువైతే శక్తి ఎక్కువని లెక్కేయకండి. సన్న తీగ చుట్టినా ఓమ్‌లు పెరుగుతాయి.

కొనే ముందు పాట్ (వాల్యూమ్, టోన్ నాబ్ కింద ఉండే భాగం) చూడండి. హంబకర్‌కు 500కె (కిలో ఓమ్‌లు), సింగిల్‌కు 250కె. 250కె మీద హంబకర్ వేస్తే ముసుగేసినట్టుంటుంది. బ్రిడ్జి పికప్‌కైతే మొదటి, ఆరో స్ట్రింగ్‌ల మధ్య దూరం కూడా కొలవండి. స్ట్రాట్ రకానికి దాదాపు 52–53 మిల్లీమీటర్లుంటుంది, 50ది కొంటే చివరి పోల్స్ స్ట్రింగ్‌ల కింద కాకుండా పక్కకు పోతాయి.

సొంతంగా సోల్డరింగ్ చేసేవారు వైర్ల రంగులు నమ్మి మోసపోతున్నారు. పికప్ కంపెనీల్లో సీమోర్ డంకన్‌లో నలుపు సిగ్నల్, డిమార్జియోలో ఎరుపు. తప్పు వేస్తే ఒక్కటే మోగినప్పుడు తెలియదు, రెండు పికప్‌లు కలిపితే శబ్దం పీలగా, డొల్లగా వస్తుంది.

వచ్చేటప్పుడు గిటార్‌తో పాటు మీ ఆంప్, కేబుల్, ఎఫెక్ట్స్ ప్రాసెసర్ కూడా తెండి. తీసిన పాత పికప్ మీకే ఇచ్చేస్తాం, పారేయకండి.