వార్షిక నివేదిక: కథను ఏ తేదీతో మొదలుపెట్టారు?

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన అధ్యయన బృందాల పని చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. ఒక గొడవ గురించి రెండు దేశాలు పొంతన లేకుండా మాట్లాడుతుంటే, ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనుకుంటాం. చాలాసార్లు ఇద్దరూ చెప్పే సంఘటనలు నిజంగా జరిగినవే. కథను ఏ తేదీతో ఎత్తుకున్నారన్న దగ్గరే తేడా వస్తుంది. అందుకే కార్యవర్గం కాలరేఖ సమావేశాలకు ఎక్కువ సమయం కేటాయించింది.

కాలరేఖ సమావేశాలు

కొత్తగా బృందం మొదలుపెట్టేవారి కోసం పద్ధతి ఇది. గోడకు 3 మీటర్ల కాగితం పట్టీ అతికించాలి. ఇరాన్-అమెరికా వ్యవహారమైతే 1951 నుంచి 1981 దాకా, ఏడాదికి 10 సెంటీమీటర్ల చొప్పున గీతలు గీయాలి. చెరో దేశం వైపు ఉండే రెండు జట్లకు, సంఘటనలు రాసి అంటించడానికి ఐదేసి చీటీలే ఇవ్వాలి. ఎక్కువ ఇస్తే తెలిసినవన్నీ రాసేస్తారు, ఎవరు దేన్ని ముఖ్యమనుకున్నారో బయటపడదు.

అమెరికా వైపు జట్టు మొదటి చీటీ సాధారణంగా 1979 నవంబర్ 4 దగ్గర పడుతుంది. టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని విద్యార్థులు ముట్టడించడం, సిబ్బందికి 444 రోజుల నిర్బంధం, 1981 జనవరి 20న విడుదల. ఇరాన్ వైపు జట్టు 1951 నాటి చమురు జాతీయీకరణతో మొదలుపెట్టి, 1953 ఆగస్టు 19న ప్రధాని మొసాద్దెఖ్‌ను కూలదోసిన కుట్ర దగ్గర రెండో చీటీ అంటిస్తుంది. ఆ కుట్రలో తన పాత్రను అమెరికా గూఢచార సంస్థ సీఐఏ 2013లో వెలువడిన పత్రాల్లో స్వయంగా ఒప్పుకుంది. పట్టీ మీద కుట్రకు, ముట్టడికి మధ్య 2.6 మీటర్ల దూరం కనిపిస్తుంది. ఆ జాగాలో ఏమేం జరిగాయన్నదే అసలు చర్చ.

అక్కడ తప్పనిసరిగా ఉండాల్సినవి రెండు. మొదటిది 1964లో అమెరికా సైనిక సిబ్బందికి ఇరాన్ కోర్టుల నుంచి ఇచ్చిన మినహాయింపు, దాన్ని తిట్టిపోసిన మతనాయకుడు ఖొమేనీని దేశం నుంచి వెళ్లగొట్టడం. రెండోది 1979 అక్టోబర్‌లో, గద్దె దిగిన ఇరాన్ రాజు షా వైద్యం కోసం అమెరికా చేరడం. ఈ రెండో చీటీ లేకపోతే ముట్టడి సరిగ్గా ఆ రోజుల్లోనే ఎందుకు జరిగిందో అంతుపట్టదు. 1953లోనూ షా దేశం వదిలి పారిపోయి, కొద్ది రోజులకే తిరిగొచ్చి గద్దెనెక్కాడు. అదే మళ్లీ జరగబోతోందన్న అనుమానం విద్యార్థుల్లో బలంగా ఉంది. ఇలా చెబితే ముట్టడిని వెనకేసుకొచ్చినట్టని కొందరు సభ్యులు అభ్యంతరం చెబుతారు. అలాంటప్పుడు అంతర్జాతీయ న్యాయస్థానం 1980 మేలో ఇరాన్‌కు వ్యతిరేకంగా ఇచ్చిన తీర్పునూ అదే పట్టీ మీద అంటించండి, చర్చ సద్దుమణుగుతుంది.

ఈ పద్ధతిలో తరచూ దొర్లే పొరపాటు ‘ఇరాన్ దృక్పథం’ అని ఒకే ముద్ద చేయడం. 1953 నాటి ఆ రోజును రాచరిక వాదులు ప్రజా తిరుగుబాటుగా జరుపుకున్నారు. మొదట్లో మొసాద్దెఖ్ వెంట నిలిచిన మతపెద్ద కాషానీ చివరికి ఆయనకు ఎదురు తిరిగాడు. అందుకని, ఆ దేశంలోనే ఒప్పుకోని వాళ్ల తరఫున మూడో జట్టును పెట్టడం ఇక నుంచి నియమం.

ఓట్ల పట్టికలు చదవడం

2022 మార్చి 2న, రష్యా సేనలు ఉక్రెయిన్ నుంచి వైదొలగాలని కోరిన ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానానికి అనుకూలంగా 141, వ్యతిరేకంగా 5, తటస్థంగా 35 ఓట్లు పడ్డాయి. 193 దేశాల్లో మిగిలిన 12 ఓటే వేయలేదు. ఆ 12ను తటస్థుల్లో కలిపేయకూడదు. ఉదాహరణకు వెనిజులాకు అప్పుడు ఓటు హక్కే లేదు. రెండేళ్ల చందాకు సమానంగా బకాయి పడ్డ దేశం ఓటు కోల్పోతుందని సమితి నిబంధనావళి 19వ అధికరణం చెబుతోంది.

ఒక్క ఓటును చూసి దేశానికి ముద్ర వేయడం కూడా కుదరదు. ఇదే విషయంపై ఫిబ్రవరి 25న భద్రతా మండలిలో తటస్థంగా ఉన్న యూఏఈ, ఐదు రోజులకే సర్వసభ్య సభలో అనుకూలంగా ఓటేసింది. ఇండియా, చైనా రెండు చోట్లా తటస్థంగానే ఉన్నాయి, కానీ ఇద్దరి కారణాలు ఒకటి కావు. ఓటుకు ముందూ తర్వాతా ప్రతినిధులు ఇచ్చే వివరణలు సమితి సమావేశ పాఠాల్లో ఆరు అధికార భాషల్లోనూ దొరుకుతాయి. ముందు వివరణ చదివి, ఆ తర్వాతే పట్టిక చూడండి. ముందే పట్టిక చూసినవాళ్లు వివరణలో తమకు కావాల్సిన వాక్యాన్నే వెతుక్కుంటారు.

వార్తలు, పటాలు

మూడు పత్రికలు చదివితే మూడు కోణాలు వచ్చేసినట్టు కాదు. మూడింటిలోనూ రాయిటర్స్ లాంటి వార్తా ఏజెన్సీ ఇచ్చిన ఒకే కథనం ఉండొచ్చు. వార్త మొదట్లోనో చివర్లోనో ఏజెన్సీ పేరు చూసి, ఒకే ఏజెన్సీవైతే ఒక్క మూలంగానే లెక్కించాలి. చైనాకు చెందిన జిన్హువా, రష్యాకు చెందిన టాస్ ప్రభుత్వ వార్తా సంస్థలు. వాటిని నిజానిజాల కోసం కాక, ఆ ప్రభుత్వాలు ప్రజలకు ఏం చెప్పదలచుకున్నాయో తెలుసుకోవడానికి చదవాలి. ఆ పనికి వాటిని మించినవి లేవు.

పటాల గురించి క్లుప్తంగా. 1569 నాటి మెర్కేటర్ పటం నావికుల కోసం గీసింది, దిక్సూచి చూపే ఒకే దిక్కు పట్టి సాగే దారి అందులో సరళరేఖగా వస్తుంది. గోడకు తగిలించి దేశాల సైజు పోల్చడానికి మాత్రం అది పనికిరాదు. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దాదాపు 14 రెట్లు పెద్దది. విస్తీర్ణాలను సరైన నిష్పత్తిలో చూపే, 2018లో వచ్చిన ఈక్వల్ ఎర్త్ పటం వాడండి.

అతిథులతో సంభాషణలు

వేరే దేశం నుంచి వచ్చిన అతిథిని “మీ దేశంలో అందరూ ఏమనుకుంటారు?” అని అడగొద్దు. ఆయన తన దేశానికి రాయబారి కాడు. “ఈ విషయం మీకు బడిలో ఎలా చెప్పారు? ఇంట్లో పెద్దవాళ్లు ఎలా చెప్పారు?” అని అడిగితే రెండింటి మధ్య తేడా ఆయనే చెప్పుకొస్తారు. ప్రశ్నలు ముందే పంపాలి. దేన్నైనా దాటవేస్తే మళ్లీ అడగకూడదు. సొంతవాళ్లు ఇంకా అక్కడే ఉన్నవారికి కొన్ని జవాబులు ప్రమాదం తెచ్చిపెడతాయి.

మన జమాఖర్చుల పట్టికను మన సర్వసభ్య సమావేశంలో విడిగా సమర్పిస్తాం.

వచ్చే ఏడాది

మొదటి కాలరేఖ రెండో ప్రపంచ యుద్ధం. 1931 నుంచి 1945 దాకా పదిహేనేళ్లు, ఏడాదికి 20 సెంటీమీటర్ల చొప్పున పట్టీ మళ్లీ 3 మీటర్లే. జర్మనీ తమపై దాడి చేసిన రోజులుగా పోలండ్‌కు 1939 సెప్టెంబర్ 1, రష్యాకు 1941 జూన్ 22 ప్రధానం. చైనా పాఠ్యపుస్తకాలు 1937 జులైని వదిలి, 2017 నుంచి జపాన్‌తో యుద్ధం ఆరంభాన్ని 1931కి జరిపాయి. ఈసారి జట్లు నాలుగు. ఏ జట్టులో ఉంటారో సభ్యులు సర్వసభ్య సమావేశం నాటికి కార్యదర్శికి తెలియజేయగలరు.

– కార్యవర్గం