మూడో పేజీ పేరా గురించి

బుజ్జమ్మా,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. పేరాలు సరిగా కుదరలేదని మీ ప్రొఫెసర్ రాస్తే నీ ఇంగ్లీషే బాగాలేదని బెంగపెట్టుకున్నావట. ఇంగ్లీషుకేం, బాగానే ఉంది. ఏ మాట ముందు రావాలి, ఏది తర్వాత అన్న దగ్గరే తేడా వచ్చింది.

మూడో పేజీలోని పెద్ద పేరానే తీసుకో. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు, బయటపడటంతో మొదలుపెట్టావు. తర్వాత ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు, ఆ తర్వాత దాన్ని నీళ్లలోంచి తగ్గించే నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపే తీరు. నువ్వు చెప్పదలచుకున్నది మాత్రం చిట్టచివరి వాక్యంలో ఉంది: పద్ధతి చౌకదే అయినా, రోజూ చూసుకునే మనిషి లేకపోతే ఊళ్లో నిలవదని. మన ఇళ్లలో పూర్వాపరాలన్నీ చెప్పాక విషయానికొస్తే ఎవరూ తప్పుపట్టరు. నువ్వు చదివే చోట మాత్రం పేరా మొదటి వాక్యం చూసే, మిగతాది దేనికోసం చదవాలో నిర్ణయించుకుంటారు.

అందుకే ఆ చివరి వాక్యాన్ని తెచ్చి మొదట పెట్టు. టాపిక్ సెంటెన్స్ అనేది దాన్నే. అది పైకి రాగానే 1937కి అక్కడ పనిలేదని నీకే తెలుస్తుంది. దాన్ని దీనికి ముందున్న పేరాకు పంపు. 1.5 హద్దునూ అంతే. ఇక మిగిలేవి నీ మాటను నిలబెట్టేవే: పటిక మోతాదు నీళ్లలోని ఫ్లోరైడ్‌ను, క్షారతను బట్టి మారుతుంది, అడుగున చేరిన మడ్డిని ఎక్కడో పారబోయాలి, మోతాదు తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోవచ్చు. ఒక్కో సంగతి చెప్పాక, దానివల్ల ఊళ్లో మనిషి ఎందుకు అవసరమో ఒక వాక్యం నువ్వు రాయాలి. నీ వ్యాసంలో లోటంతా అక్కడే. రుజువు చూపించి ఊరుకున్నావు, అర్థం వాళ్లే తీసుకుంటారులే అనుకున్నట్టు. ఇంకొకరి కొటేషన్‌తో పేరా ముగించినా ఇదే లోటు.

ఈ మొదటి వాక్యం సంగతి కొత్తదేం కాదు. అలెగ్జాండర్ బెయిన్ అనే స్కాట్లాండ్ ప్రొఫెసర్ 1866లోనే రాసిపెట్టాడు. అయితే అది ముందుమాటలాంటి వాక్యమైతే ఫర్వాలేదని ఆయనే సడలింపు కూడా ఇచ్చాడు. కనుక మరీ ఇనుప నియమం అనుకోకు.

మోరోవర్, ఫర్దర్‌మోర్ ఇన్నిసార్లెందుకు? ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో పావు వంతు మార్కులు పొందికకు ఉంటాయని కోచింగ్‌లో అలవాటు చేసినట్టున్నారు. వాటితో అతుకు పడదు. ముందు వాక్యం ఎక్కడ ఆగిందో తర్వాతది అక్కడ అందుకోవాలి. పటిక మోతాదు నీళ్లను బట్టి మారుతుంది. ఆ మోతాదు తేల్చాలంటే నీళ్లు పరీక్షించాలి. ఆ పరీక్ష చేసేదెవరు? చూడు, ఫర్దర్‌మోర్ అక్కర్లేకుండానే నడిచింది.

పేరా ఇన్ని లైన్లుండాలని లెక్కేం లేదు. వ్యాసం ప్రింట్ తీసి, ప్రతి పేరా పక్కన అది చెప్పేదేమిటో నాలుగు మాటల్లో రాసుకో. రెండు సంగతులు రాయాల్సి వస్తే దాన్ని విడగొట్టు. ఏమీ రాయలేకపోతే తీసెయ్, జాలిపడకు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకు. మూడో పేజీ ఒక్కటి సరిచేసి ఆదివారంలోగా పంపు, మిగతాది ఫోన్‌లో మాట్లాడుకుందాం. స్వెట్టర్ చేరిందా లేదా అని అమ్మ అడుగుతోంది.

నాన్న