మనవాళ్ళ హోటళ్ళల్లో కూలి సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఎన్నారై పేజీ వదలకుండా చదువుతాను. ఇక్కడ మనవాళ్ళు కట్టిన గుళ్ళు, పెట్టిన కంపెనీలు, గెలిచిన ఎలక్షన్లు అన్నీ వస్తాయి, సంతోషమే, కానీ మనవాళ్ళ దగ్గర కూలికి చేసేవాళ్ళ గురించి మాత్రం ఒక్క ముక్క కనపడదు, అందుకే ఈ ఉత్తరం.

నేను ఉండేది కాలిఫోర్నియాలో ఫ్రెస్నో. ఇక్కడి నుంచి 99 హైవే మీద కిందికి గంట పైన డ్రైవ్ చేస్తే డెలానో వస్తుంది, చుట్టూ ద్రాక్ష తోటలే. 1965 సెప్టెంబర్ 8న అక్కడ ఫిలిప్పీన్స్ కూలీలు పని ఆపేశారు. అడిగింది గంటకి డాలరు 40 సెంట్లు, కోసిన ద్రాక్ష పెట్టెకి ఇంకో 25 సెంట్లు, అంతే. వాళ్ళలో చాలామంది పెద్ద వయసు వాళ్ళు, పెళ్ళీ పిల్లలూ లేనివాళ్ళు, ఎందుకంటే వాళ్ళ దేశం ఆడవాళ్ళు ఇక్కడ చాలా తక్కువ, తెల్లమ్మాయిని చేసుకుందామంటే 1948 దాకా ఈ రాష్ట్రం చట్టమే ఒప్పుకోదు. అలాంటి ఒంటరి ముసలాళ్ళు ఉండే క్యాంపుల్లో యజమానులు కరెంటు, గ్యాస్ కట్ చేసి బయటికి గెంటారు.

యజమానుల ఎత్తు ఎప్పుడూ ఒకటే. ఫిలిప్పీన్స్ వాళ్ళు సమ్మె చేస్తే మెక్సికన్లని దింపు, మెక్సికన్లు చేస్తే వీళ్ళని దింపు. ఫిలిప్పీన్స్ కూలీల నాయకుడు లారీ ఇట్లియాంగ్ ఇది బాగా తెలిసిన మనిషి, అందుకే మెక్సికన్ కూలీల సంఘం నాయకుడు సీజర్ చావెజ్ దగ్గరికి వెళ్ళి మీరూ మాతో రండి అని అడిగాడు. చావెజ్ తన సంఘం ఇంకా రెడీగా లేదనుకున్నాడు, అయినా సెప్టెంబర్ 16న మెక్సికన్ కూలీలు చర్చి హాల్లో ఓటేసి సమ్మెలోకి దిగారు, మరుసటి ఏడు రెండు సంఘాలూ ఒకటయ్యాయి. సమ్మెకి మద్దతుగా సిటీల్లో మధ్యతరగతి ఇళ్ళవాళ్ళు ద్రాక్ష కొనడం మానేశారు. 1970 జులైలో డెలానో తోటల యజమానులు దిగొచ్చి సంతకాలు పెట్టారు.

ఇంతవరకే చెప్పి అందరూ చప్పట్లు కొడతారు, నాకు ముఖ్యం అనిపించేది ఆ తర్వాత జరిగింది. పెత్తనం చావెజ్ వైపుకి పోయింది, ఏ కూలీ ఏ తోటకి వెళ్ళాలో సంఘమే తన హాలు నుంచి పంపే కొత్త పద్ధతి వల్ల ఏళ్ళ తరబడి కలిసి పనిచేసిన ఫిలిప్పీన్స్ ముఠాలు చెదిరిపోయాయి, మా మాట ఎవరూ వినట్లేదని ఇట్లియాంగ్ 1971లో బయటికొచ్చేశాడు. సంఘం 1974లో రిటైరైన ఫిలిప్పీన్స్ కూలీలకి ఇళ్ళు కట్టించింది, అది మంచి పనే, కాదనను. కానీ మూడేళ్ళకి చావెజ్ నియంత మార్కోస్ పిలిస్తే ఫిలిప్పీన్స్ వెళ్ళొచ్చాడు, దాంతో మొదటి నుంచీ ఉన్న ఇంకో ఫిలిప్పీన్స్ నాయకుడు ఫిలిప్ వెరా క్రూజ్ కూడా సంఘం వదిలి వెళ్ళిపోయాడు. అందరికన్నా ముందు రోడ్డున పడ్డవాళ్ళకే చివరికి అక్కడ మాట లేకుండా పోయింది. కలిసి పనిచేయడం అంటే ఫోటోలో పక్కన నిలబడటం కాదు, ఎక్కువ నష్టపోయేవాడికి నిర్ణయంలో చోటివ్వడం అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇది మనకెందుకు అంటారేమో. ఆ సమ్మె మొదలైన నెల తిరక్కుండానే, 1965 అక్టోబర్ 3న, అమెరికా ఇమిగ్రేషన్ చట్టం మారింది, దేశాన్ని బట్టి పెట్టిన పాత కోటాలు పోయాయి, మనవాళ్ళకి దారి దొరికింది అప్పుడే. నల్లవాళ్ళు దెబ్బలు తిని, జైళ్ళకి పోయి నడిపిన పౌరహక్కుల ఉద్యమం లేకపోతే ఆ చట్టం వచ్చేది కాదు. మరి ఆ దారిలో వచ్చి హోటల్ పెట్టిన మనవాళ్ళు కొందరు ఏం చేస్తున్నారో చూడండి. నేను స్వయంగా విన్న మాట, కిచెన్లో మెక్సికన్ వంటాయన జీతం పెంచమంటే "మా స్టూడెంట్స్ ఇంతకన్నా తక్కువకే చేస్తారు" అంటారు, మన పిల్లలు అడిగితే "ఆ మెక్సికన్ నోరెత్తకుండా చేస్తున్నాడు, నీకేంటి" అంటారు. ఇది డెలానో యజమానుల ఎత్తు కాదా? స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లాడు పర్మిషన్ లేకుండా కాలేజీ బయట పనిచేస్తే వీసాకే ముప్పు, అందుకే నోరు మూసుకుంటాడు, అది తెలిసే ఆ రేటు ఇస్తారు. కాలిఫోర్నియాలో కనీస వేతనం కాగితాలు లేనివాళ్ళకి కూడా వర్తిస్తుంది, లేబర్ కమిషనర్ ఆఫీసులో కంప్లైంట్ ఇస్తే ఇమిగ్రేషన్ స్టేటస్ అడగరు. ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలీదు, చెప్పేవాడు లేడు.

ఇక్కడి మన తెలుగు సంఘాలు చెప్పొచ్చు కదా, కానీ ఆ యజమానులే సంఘాలకి డోనర్లు, స్టేజీ మీద శాలువాలు కప్పేది వాళ్ళకే. నేను అడిగేది ఇదీ, డొనేషన్ తీసుకునే ముందు నీ దగ్గర పనిచేసేవాళ్ళకి చట్టప్రకారం జీతం ఇస్తున్నావా అని అడగండి, బాకీ ఉంటే అది కట్టాకే స్టేజీ ఎక్కించండి. జీతం ఎగ్గొట్టారని కంప్లైంట్ వస్తే వినే కమిటీలో డోనర్లు వద్దు, పనిచేసే పిల్లలుండాలి, ఆ మెక్సికన్ వంటాయన లాంటివాళ్ళు కూడా ఉండాలి, స్పానిష్‌లో మాట్లాడితే తెలుగులో చెప్పేవాడిని పెట్టండి. మీరు కూడా ఎన్నారై పేజీలో ఒక్కసారైనా కనీస వేతనం ఎంత, కంప్లైంట్ ఎక్కడ ఇవ్వాలి అనేది తెలుగులో వేయండి, ఇక్కడికి చదువుకోడానికి బయల్దేరే పిల్లలు విమానం ఎక్కకముందే చదువుకుంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఫ్రెస్నో