నీ కమ్మలు పెట్టుకునేవాళ్లు ఎక్కడున్నారు?

బందరు

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. నువ్వు చేసే మట్టి కమ్మల ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే లైకులు వస్తున్నాయే గానీ ఆర్డర్లు రావట్లేదని, ఇక యాడ్స్‌కి డబ్బులు పెడతానని అన్నావు. ఫోన్లో అయితే మాట మీద మాట పడుతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

యాడ్స్ వద్దనను. కానీ ఆ డబ్బు పెట్టేముందు ఒక పని చెయ్యి. ఇప్పటిదాకా నీ దగ్గర కొన్నవాళ్ల పేర్లన్నీ ఒక నోటుబుక్కులో రాయి. ఏం కొన్నారు, ఏ సందర్భానికి కొన్నారు, ఏ చీర మీదకి కొన్నారు, ఇవి పేరు పక్కనే ఉండాలి. తెలియకపోతే మెసేజ్ పెట్టి అడుగు. "కమ్మలు ఎలా ఉన్నాయండీ, ఏ చీర మీద పెట్టుకున్నారు?" అంటే ఎవరైనా సంతోషంగా చెబుతారు. కొందరు ఫొటో కూడా పంపుతారు.

మన చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగల శాంపిల్ పెట్టె పట్టుకుని ఫ్యాన్సీ షాపుల చుట్టూ తిరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. అచ్చు వేసేవాళ్లు వేరు, అతుకు పెట్టేవాళ్లు వేరు, ఇళ్లల్లో కూర్చుని రాళ్లు పొదిగే ఆడవాళ్లు వేరు, పూత వేసేవాళ్లు వేరు. ఇన్ని చేతులు మారితే గానీ ఒక నెక్లెస్ నా పెట్టెలోకి వచ్చేది కాదు. అది చివరికి ఎవరి మెడలోకి వెళ్లిందో చేసినవాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఏ డిజైను నడుస్తోందో, ఏది ఆగిపోయిందో షాపు ఆయన చెప్పిందే మాకు వేదం. నీకు అలా కాదు. నీ కమ్మలు పెట్టుకునే మనిషి నంబరు నీ ఫోన్లోనే ఉంది. మావాళ్లెవరికీ లేని అదృష్టం తల్లీ అది, వాడుకో.

ఇంకో సంగతి. నువ్వు చేసేది టెర్రకోట, అంటే కాల్చిన మట్టి నగ. పట్టుచీర మీదకి బంగారం ఉన్నవాళ్లు బంగారమే పెట్టుకుంటారు, లేనివాళ్లు వన్ గ్రామ్ గోల్డ్ పెట్టుకుంటారు. మట్టి నగ అందంగా కుదిరేది నేతచీర మీద, కాటన్ మీద. మన పక్కనే పెడన కలంకారీ ఉంది, మంగళగిరి ఉంది. మీ హైదరాబాద్ వైపు పోచంపల్లి, నారాయణపేట ఉన్నాయి. ఆ చీరలు కట్టుకుని రోజూ బయటికి వెళ్లేదెవరు? టీచర్లు, లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు. అందుకని నగలు కొనేవాళ్ల కోసం ఊరంతా వెతక్కు, నేతచీర కొనేవాళ్లు ఎక్కడున్నారో చూడు.

మీ అపార్ట్‌మెంట్ల వైపు ఇంట్లోనే చీరలు పెట్టి అమ్మే ఆడవాళ్లు ఉంటారు కదా, వాళ్లను కలువు. చీర ఒంటిమీద వేసుకుని అద్దంలో చూసుకుంటున్న మనిషికి, దానికి సరిపోయే కమ్మలు పక్కనే కనపడితే బేరం తేలిగ్గా కుదురుతుంది. వాళ్లు గ్రూపుల్లో పెట్టే చీర ఫొటోల్లో కొంగు మీద నీ జత ఒకటి పెట్టమను. కమిషన్ ఎంతో ముందే మాట్లాడుకో. సరుకు పోయాకే డబ్బులిస్తామంటారు. ఒప్పుకో గానీ, మొదట కొద్ది జతలే ఇవ్వు, ఇచ్చినవి కాగితం మీద రాసి సంతకం తీసుకో, నెలకోసారి వెళ్లి లెక్క చూసుకో. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905లో ఆ రోజున కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైందని 2015 నుంచి జరుపుతున్నారు. చాలా ఆఫీసుల్లో, కాలేజీల్లో ఆ రోజు నేతబట్టలు కట్టుకుని రమ్మంటున్నారు. ముందురోజు రాత్రి బీరువా తీసి చీర చూసుకునేవాళ్లకి కమ్మలు పోస్టులో చేరవు. జూలై మొదట్లోనే నీ ఫొటోలు వాళ్ల కంట పడాలి.

ఇక శ్రావణం సంగతి. వరలక్ష్మీ వ్రతానికి పిలిచిన పేరంటాళ్లకి తాంబూలంలో ఏదో ఒక వస్తువు పెట్టివ్వడం ఇప్పుడు అందరూ చేస్తున్నారు. అలాంటివాళ్ల కోసం ఒకే సైజు, ఒకే ధర చిన్న దిద్దులు చెయ్యి. ఒక్క ఇల్లాలు కొంటే పేరంటానికి వచ్చిన ప్రతి ఇంటికీ నీ పేరు వెళుతుంది. నా లెక్కలో యాడ్ అంటే అదే. మీ హైదరాబాద్‌లో అయితే బతుకమ్మ కూడా ఉంది. సరుకు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టు. ఆషాఢం వానల్లో మట్టి ఒక పట్టాన ఆరదు, లోపల చెమ్మ ఉండగా కాలిస్తే పగులుతుందని నాకంటే నీకే బాగా తెలుసు.

మొన్న నువ్వు అమ్మకిచ్చిన బుట్టకమ్మలు పెళ్లిలో అందరూ మెచ్చుకున్నారు. కానీ ఇంటికొచ్చి తీసేశాక అమ్మ చాలాసేపు చెవి తమ్మెలు నిమురుకుంటూ కూర్చుంది. చెవికుట్టు దగ్గర ఎర్రబడింది కూడా. నీకు చెబితే బాధపడతావని ఆవిడ చెప్పలేదు, నేను చెబుతున్నాను. బుట్ట లోపలివైపు మట్టి ఇంకా పల్చగా తీయి. హుక్కులు చవకరకం వద్దు, నికెల్ పడనివాళ్లకి దురద వస్తుంది. వెండివో, మంచి స్టీలువో పెట్టు. ఆ పెరిగిన ఖర్చు ధరలో కలిపినా ఎవరూ ఏమీ అనుకోరు. ఫొటో కింద ధరతోపాటు బరువు ఎన్ని గ్రాములో రాయి. "బాగానే ఉన్నాయి గానీ బరువేమో" అనుకుని ఊరుకునేవాళ్లు చాలామంది ఉంటారు. ఫొటో కిటికీ పక్కన పగటి వెలుతురులో, చెవికి పెట్టి తీయి. గుడ్డ మీద పెట్టి తీస్తే సైజు తెలియదు.

వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ పెడుతున్నానన్నావు. నీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. అందుకని ప్రతి డబ్బాలో చిన్న కార్డు పెట్టి, నంబరు సేవ్ చేసుకోమని నీ చేతిరాతతో రాయి.

నాంపల్లి ఎగ్జిబిషన్, అదే నుమాయిష్‌లో స్టాల్ సంగతి ఇప్పుడే వద్దు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఒక్కదానివే స్టాల్లో నిలబడితే కమ్మలు ఎవరు చేస్తారు? శిల్పారామంలో జరిగే చిన్న మేళాలు నయం. కేంద్ర జౌళి శాఖ హస్తకళాకారులకిచ్చే గుర్తింపు కార్డు, పెహచాన్ కార్డుకి మాత్రం అప్లై చెయ్యి. కేంద్ర ప్రభుత్వ హస్తకళల మేళాల్లో స్టాల్ అడగడానికి అది కావాలి.

పెడన చీరలు ఇంట్లో పెట్టి అమ్మే ఆవిడ ఒకరు అమ్మకి బాగా తెలుసు. నీ కమ్మలు చూపించమంది. ఇటుక రంగువి, నల్లవి కలిపి ఒక డజను జతలు ఈ వారంలో పంపు. ప్రతి జత మీదా ధర, బరువు రాసి పంపడం మర్చిపోకు. వేళకి తిను.

ఉంటాను,
నాన్న