బర్హామ్ మునిగిందని ఆత్మ వచ్చి చెప్పాలా?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో, ఆత్మలతో మాట్లాడే మీడియంనని చెప్పుకున్న హెలెన్ డంకన్ మీద మీరు వేసిన కథనం చదివాను. బ్రిటన్‌లో మంత్రగత్తెగా శిక్ష పడ్డ చివరి మనిషి ఆమేనని, యుద్ధనౌక మునిగిన రహస్యం ఆమెకు ఆత్మలే చెప్పాయని రాశారు. రెండూ తప్పే. 1944లో ఆమెను తొమ్మిది నెలలు జైలుకు పంపింది 1735 నాటి చట్టం, అది మంత్రశక్తులు ఉన్నాయని చెప్పుకుని జనాన్ని మోసం చేసేవాళ్ల కోసం పెట్టింది. ఆమె తర్వాత అదే ఏడాది జేన్ యార్క్ అనే ఇంకో మీడియంను కూడా అదే చట్టం కింద దోషిగా తేల్చారు.

ఇక నౌక సంగతి. 1941 నవంబర్ 25న ఈజిప్టు తీరం దగ్గర జర్మన్ సబ్‌మెరైన్ బర్హామ్ అనే ఆ బ్రిటిష్ యుద్ధనౌకను ముంచేసింది, 860 మందికి పైగా పోయారు. ప్రభుత్వం వార్తను జనవరి చివరిదాకా తొక్కిపెట్టింది, కానీ చనిపోయినవాళ్ల ఇళ్లకు మాత్రం ఎవరికీ చెప్పొద్దంటూ ముందే ఉత్తరాలు రాసింది. అన్ని వందల ఇళ్లలో తెలిసిన మాట, నావికుల ఊరైన పోర్ట్స్‌మత్‌లో ఒక మీడియం చెవిన పడటం వింతా?

కొడుకు ఏమయ్యాడో తెలియని తల్లులు, మొగుడు పోయాడని తెలిసినా బయటికి చెప్పుకుని ఏడవకూడని భార్యలు, ఇలాంటివాళ్ల కోసమే ఆమె ఆత్మలను పిలిచే ఆ చీకటి గదులు. 1944లో టికెట్టు 12 షిల్లింగుల 6 పెన్నీలు. అంతకు చాలా ముందే, 1933లో, చిన్నపిల్ల ఆత్మ అని ఆమె చూపించింది ఒక లోబనియను అని తేలి ఎడిన్‌బరోలో 10 పౌండ్ల జరిమానా కట్టింది. ఆమె మీద జాలి పడలేను. అలాగని చిన్న కేసును లండన్ పెద్ద క్రిమినల్ కోర్టు ఓల్డ్ బెయిలీ దాకా లాగి ఏడు రోజులు నడిపిన ప్రభుత్వాన్నీ మెచ్చుకోలేను. ఈ కాలంలో ఆ చట్టం ఎందుకు వాడారు, ఎంత ఖర్చయింది అని అప్పటి ప్రధాని చర్చిల్ కూడా హోంమంత్రిని అడిగారు.

నాకు అన్నిటికంటే బాధేసింది, బాణామతి అనుమానంతో మన పల్లెల్లో చంపేసిన ఆడవాళ్లను మీరు ఆమె పక్కన నిలబెట్టడం. వాళ్లు ఏ ఆత్మనూ పిలుస్తామని టికెట్లు అమ్మలేదు. ఇంట్లో ఎవరికో జ్వరం తగ్గకపోతే పక్కింటి ముసలమ్మ మీద పడ్డారు. డంకన్‌కు లాయరు, జ్యూరీ, తన తరఫున మాట్లాడే పదుల సాక్షులు దొరికారు. వీళ్లకు ఒక్క ప్రశ్న అడిగే అవకాశం కూడా దొరకలేదు. సవరణ వేసేటప్పుడు ఈ తేడా కూడా రాయండి.

— ఒక పాఠకురాలు, వరంగల్