నర్సింగ్ సీటుకు ఎంసెట్ రాయాలని ఎవరు చెప్పాలి?

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ములుగులో చిన్న నెట్ సెంటర్ నడుపుతాను. ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర నుంచి దసరా దాకా నాకు అప్లికేషన్లదే పని. పోయిన వానాకాలం జరిగిన ఒక సంగతి చెప్పి, మిమ్మల్ని ఒక్క పని అడుగుదామని రాస్తున్నాను.

తాడ్వాయి అవతలి గూడెం నుంచి ఒకమ్మాయి తండ్రిని వెంటబెట్టుకొని వచ్చింది. బైపీసీ, వెయ్యికి 871. "అన్నా, బీఎస్సీ నర్సింగ్‌కు అప్లికేషన్ పెట్టాలె" అంది. పదో తరగతి మెమో, కులం, ఆదాయం, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, అన్నీ ప్లాస్టిక్ కవర్లో వరసగా సర్దుకొని తెచ్చింది. అంత పద్ధతిగా వచ్చేవాళ్లు నాకు ఏడాదికి నలుగురు తగిలితే ఎక్కువ. ఫారంలో ఈఏపీసెట్ (మనం ఎంసెట్ అనేదే, పేరు మార్చారు) హాల్‌టికెట్ నంబర్ దగ్గర నా చెయ్యి ఆగింది.

"ఎంసెట్ రాసినవా చెల్లె?"

"అది ఇంజినీరింగోళ్లది కదన్నా."

తండ్రి అందుకున్నాడు. వాళ్ల చుట్టాలమ్మాయికి ఇంటర్ మార్కుల మీదనే సీటు ఇచ్చారట. ఆయన చెప్పింది అబద్ధం కాదు, కొన్నేళ్ల కింద అట్లాగే ఉండేది. ఇప్పుడు కన్వీనర్ కోటా, అంటే ప్రభుత్వ కోటా సీటు ఈఏపీసెట్ ర్యాంకు మీద ఇస్తున్నారు. డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి, బైపీసీలో 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. ఆ పిల్లకు ఇవన్నీ ఉన్నాయి, రాయని పరీక్ష ఒక్కటే లేదు.

పరీక్ష పెట్టడం తప్పని నేను అనను. కానీ దాని పేరు చూడండి: ఇంజినీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ. నర్సింగ్ అన్న మాట ఎక్కడుంది? ఆలస్య రుసుము లేకుండా దరఖాస్తు పెట్టే గడువు ఏప్రిల్ మొదట్లోనే అయిపోతుంది. మే దాటేలోపు పరీక్షా అయిపోతుంది. నర్సింగ్ నోటిఫికేషన్ వచ్చేది ఆ తర్వాతెప్పుడో. అది చదివి తెలుసుకున్న పిల్లకు అప్పటికే ఏడాది పోయినట్టే. ఇంకా కడుపు మండే సంగతేమిటంటే, ఎస్సీ, ఎస్టీలకు ఈ పరీక్షలో కనీస మార్కుల నిబంధనే లేదు. మూడు గంటలు కూర్చొని తెలిసింది రాసి వస్తే ర్యాంకు వస్తుంది. 160 ప్రశ్నల్లో సగం బోటనీ, జువాలజీయే. ఆమె రెండేళ్లు చదివిన పాఠాలే.

ఎవరిని అడిగినా తమ తప్పు లేదనే అంటారు. ఈఏపీసెట్ ఉన్నత విద్యామండలిది, పరీక్ష నడిపేది జేఎన్‌టీయూ. ఇంటర్ బోర్డు వేరు. నర్సింగ్ సీట్లు ఇచ్చేది మీ శాఖ కింది యూనివర్సిటీ. మూడు దిక్కులకు ముగ్గురు, నడుమ మా గూడేల పిల్లలు.

అందుకే నేను అడిగేది చిన్నది. ఇంటర్ పరీక్ష ఫీజు కట్టే రోజుల్లోనే ప్రతి ప్రభుత్వ జూనియర్ కాలేజీకీ, గురుకులానికీ ఒక్క కాగితం పంపించండి. ఏ కోర్సుకు ఏ పరీక్ష రాయాలో, ఎప్పుడు రాయాలో, ఏయే సర్టిఫికెట్లు కావాలో అందులో ఉండాలి. తెలుగులో ఉండాలి. వరంగల్‌లోని ఆ యూనివర్సిటీకి పెట్టింది కాళోజీ పేరు. జనం మాట్లాడే మాటకు విలువ ఉండాలన్న మనిషి ఆయన. ఈఏపీసెట్ నోటిఫికేషన్‌లో పై వరుసలోనే నర్సింగ్ పేరు వేయమని ఉన్నత విద్యామండలికి మీరే ఒక ఉత్తరం రాయండి.

దీనివల్ల నాకూ నాలుగు అప్లికేషన్లు ఎక్కువ వస్తాయి, నిజమే. కావాలంటే వాటికి నా ఛార్జీ వదులుకుంటాను.

ఆ అమ్మాయి జీఎన్‌ఎంలో చేరింది. అది మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా. చెడ్డదేం కాదు, కానీ ఆమె ఆ కవరు పట్టుకొని వచ్చింది దానికోసం కాదు.

కాగితం తయారైతే నాకూ ఒక కట్ట పంపించండి. ములుగు బస్టాండ్ నుంచి ఏటూరునాగారం దాకా నేనే అంటించుకుంటూ పోతాను.

ఇట్లు,
ములుగు నుంచి ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు